మీ బస్సు రాకపోయినా పర్పుల్ ఐలాండ్‌కు వెళ్ళాం

నిన్న శుక్రవారం పొద్దున ఆరు దాటాక మీరు పంపిన మెసేజ్ ఇది: "సారీ, క్యాంపుల దగ్గరికి బస్సు రాదు. ఆరున్నరకల్లా ముషైరిబ్ వస్తే ఎక్కించుకుంటాం." అప్పటికి ఇద్దరం స్నానాలు చేసి, నీళ్ళ సీసాలు నింపుకుని, మా లేబర్ క్యాంపు బర్వా అల్ బరాహా గేటు దగ్గర నిలబడి ఉన్నాం. పికప్ ఎక్కడి నుంచి కావాలని ముందే అడిగింది మీరు. క్యాంపు పేరూ గేటూ స్పష్టంగా రాసి పంపింది నేను. దానికి "ఓకే" అన్నది కూడా మీరే. శుక్రవారం ఆ వేళకు ఊరి నడుమనున్న ముషైరిబ్‌కు మెట్రో నడవదని దోహాలో ఇన్నేళ్ళుగా ఉంటున్న మీకు తెలియదంటే నేను నమ్మను. నేను ఫోన్ చేస్తే కట్ చేశారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

మీ తెలుగు సంఘం పేరు ఇక్కడ రాయను. మీ ట్రిప్ ప్రకటన చూసినవాళ్ళకు ఎలాగూ తెలుస్తుంది. "గ్రీకుల కంటే ముందటి గ్రీకు సముద్రం, మన ఖతార్ తీరం" అని పెద్ద అక్షరాలతో వేశారు. పర్పుల్ ఐలాండ్‌లో నడక, అక్కడే ఒక గంట ఉపన్యాసం, తర్వాత ప్రశ్నలు. నేను డబ్బు కట్టి పేరు ఇచ్చింది ఆ ప్రశ్నల కోసం. కాబట్టి ఈ పోస్టు మీకు. అయితే క్యాంపుల్లో ఉండి, సొంతంగా అక్కడికి వెళ్ళాలనుకునేవాళ్ళు కూడా చదువుతారు గనక దారి, ఖర్చు అన్నీ రాస్తున్నాను.

నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందో ముందు చెప్పాలి. నేను స్కాఫోల్డింగ్ పని చేస్తాను. మాది జగిత్యాల దగ్గర. చదువు ఐటీఐ సగంలో ఆగింది. నిరుడు ఒక ఎగ్జిబిషన్ హాల్లో లోపలి గోడకు మేం పైపులు కట్టాం. ఆ గోడ మీద పెయింటర్లు ఏజియన్ సముద్రం మ్యాప్ వేస్తున్నారు. నేల దగ్గర క్రీట్ దీవి, దాని పైన చెల్లాచెదురుగా చిన్న దీవులు, నడుము ఎత్తు దాటాక గ్రీసు ప్రధాన భూమి, బాగా పైకి వెళ్తే థెస్సలీ మైదానం. పలకలు మార్చడానికి ఎక్కి దిగేటప్పుడల్లా ఆ పేర్లు నా ముఖానికి ఎదురయ్యేవి. మేం పైపులు విప్పేసి వచ్చేశాం, పేర్లు మాత్రం నాతో వచ్చేశాయి. సైటుకు వెళ్ళే బస్సులో, తిరిగి వచ్చే బస్సులో ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాను. అర్థం కానిది మళ్ళీ చదివాను. నేర్పేవాళ్ళు ఎవరూ లేరు. అందుకే మీ ఉపన్యాసం.

నాతో వచ్చిన మనిషి ఓబులేసన్న. కడప జిల్లా రాయచోటి వైపు. అల్ ముంతజాలో ఒక ఇంటికి పదకొండేళ్ళు హౌస్ డ్రైవర్‌గా పనిచేశాడు. మొన్న గురువారం బండి తాళం అప్పగించాడు. రేపు ఆదివారం విమానం, ఇక తిరిగి రాడు. ఆ ఇంటి పిల్లలను అల్ ఖోర్ మడ అడవుల దగ్గరికి ఎన్నిసార్లు తీసుకెళ్ళాడో ఆయనకే లెక్క లేదు. ఒక్కసారి కూడా అక్కడి నుంచి పర్పుల్ ఐలాండ్‌కు వెళ్ళే వంతెన దాటలేదు. పిల్లలు తడి కాళ్ళతో తిరిగొచ్చి "భలే ఉంది" అని వాళ్ళ భాషలో చెప్పుకుంటుంటే వెనక అద్దంలో చూడ్డమే. వెళ్ళిపోయే ముందు ఆ వంతెన అవతల ఏముందో చూడాలని ఆయన కోరిక. ఆ ఒక్క కోరిక కోసమే గురువారం సాయంత్రం నా గదికి వచ్చి పడుకున్నాడు. తన గదిలోనే ఉండి ఉంటే పొద్దున్నే నడుచుకుంటూ ముషైరిబ్ వెళ్ళి మీ బస్సు ఎక్కేవాడు. నా వెంట వచ్చినందుకు ఆయనకూ అది లేకుండా పోయింది.

మెసేజ్ చదివి నేను గేటు దగ్గర గట్టిగానే తిట్టాను. ఓబులేసన్న సంచీ కింద పెట్టి, తీరిగ్గా సీసా మూత తీసి రెండు గుక్కలు తాగాడు.

"తిట్టడం అయిపాయనా? అయితే దారి చెప్పు. పదకొండేండ్లు ఈ ఊర్లో బండి తోలినా గాని బస్సెక్కేది నాకు రాదబ్బీ."

"మెట్రో తొమ్మిదికి తెరుస్తరన్నా."

"అంతవరకు టీ తాగుదాం పా. ఆ దీవి యాడికీ పోదు."

దారి ఇది. బర్వా నుంచి బస్సులో అల్ అజీజియా మెట్రో స్టేషన్‌కు వెళ్ళాలి. అక్కడ గోల్డ్ లైన్ ఎక్కి ముషైరిబ్‌లో దిగి, రెడ్ లైన్‌లోకి మారి లుసైల్ దాకా. మెట్రోకు రెండు రియాళ్ళు. లుసైల్ బస్ స్టేషన్ నుంచి అల్ ఖోర్‌కు బస్సు ఉంటుంది. నంబర్లు అప్పుడప్పుడు మారుస్తారు, యాప్‌లో చూసుకోండి. శుక్రవారం బస్సుకీ బస్సుకీ మధ్య ఎడం ఎక్కువ. మేం అరగంట పైనే కూర్చున్నాం. బస్సెక్కాక ఓబులేసన్న డ్రైవర్ వెనక సీటే కావాలన్నాడు. దారి పొడవునా కుడికాలు నేలకు నొక్కుతూనే ఉన్నాడు. ఒక రౌండబౌట్ దగ్గర నా చెవిలో, "వీడు సిగ్నల్ ఆలస్యంగా వేస్తాండాడు, మా మేడమ్ అయ్యుంటే వీణ్ణి దించేసుండేది" అన్నాడు.

అల్ ఖోర్ ఊర్లో దిగేసరికి పదకొండున్నర. జుమ్మా నమాజు వేళ దగ్గర పడి షట్టర్లు దిగుతున్నాయి. ఒక మలయాళీ హోటల్ సగం మూసి ఉంది. వంగి లోపలికి తల పెట్టి అడిగితే వంటాయన గరిటె పట్టుకునే వచ్చాడు.

"భాయ్, మటన్ ఖలాస్. చికెన్ కర్రీ హై, ఖుబూస్ హై. జల్దీ, జల్దీ."

"పచ్చిమిరపకాయలు?" అన్నాడు ఓబులేసన్న చేత్తో చూపిస్తూ.

వంటాయన నవ్వి పిడికెడు మిరపకాయలు కాగితంలో చుట్టి, "ఆంధ్రా?" అని అడిగాడు. "రాయలసీమ" అన్నాడు ఓబులేసన్న, అదేదో వేరే దేశమైనట్టు. ఇద్దరికీ కలిపి పద్దెనిమిది రియాళ్ళు, మిరపకాయలు ఊరికే. శుక్రవారం వెళ్ళేవాళ్ళు తిండి నమాజుకు ముందే కట్టించుకోవాలి. ఆ తర్వాత గంటన్నర దాకా మంచినీళ్ళు కూడా దొరకవు. అక్కడి నుంచి టాక్సీలో పది నిమిషాల ప్రయాణం, పదిహేను రియాళ్ళలోపే అయ్యింది.

టాక్సీ దిగగానే ఓబులేసన్న నడక మారిపోయింది. అప్పటి దాకా నా వెనక నడిచినవాడు ముందుకొచ్చాడు. ఏ చెట్టు నీడ ఎంతసేపు ఉంటుందో చెప్పాడు. ఏ మూలన ఆపితే ఇసుకలో చక్రం దిగుతుందో చూపించాడు. పార్కింగ్‌లో నాలుగైదు బళ్ళు ఉన్నాయి. వాటి పక్కన నీడలో, బోర్లించిన ప్లాస్టిక్ డబ్బాల మీద హౌస్ డ్రైవర్లు కూర్చుని ఉన్నారు. అందులో ఒకాయన హైదరాబాద్ యూసుఫ్ భాయ్. మమ్మల్ని చూసి చేయి ఊపాడు.

"అరే ఓబ్లేష్ భాయ్! బండి ఏదీ? ఎక్కడ గుద్దినవ్?"

"బండీ ల్యాదు, మేడమూ ల్యాదు. ఎల్లుండి పోతాండా."

"వీసా ఫుల్ క్యాన్సిలా? మాషాల్లా! మరి ఈడికి దేనికొచ్చినవ్?"

"దీవి సూద్దామని."

యూసుఫ్ భాయ్ ఒక డబ్బా జరిపాడు. ఓబులేసన్న దాని మీద కూర్చున్నాడు. మాట్లాడుకుంటున్నారు కదా అని నేను కాసేపు ఆగాను. ఎవరి సారు మంచివాడు, ఎవరి సారు పెట్రోలు డబ్బులకు సతాయిస్తాడు, ఇవే మాటలు. యూసుఫ్ భాయే ఇంకో సంగతి కూడా చెప్పాడు: "పొద్దున మీ తెలుగోళ్ళ బస్సు ఒకటి వచ్చి పోయింది బై. ఫొటోలు దిగిన్రు, జర్రసేపు మాట్లాడిన్రు, పోయిన్రు. సగం సీట్లు ఖాళీనే." సగం సీట్లు. ఆ మాట విన్నాక నాకు చికెన్ పార్సిల్ చేతిలో బరువెక్కింది. 

"అన్నా, పోదమా?"

"నువ్వు పోయిరా అబ్బీ. నేనీడ ఉంటా."

ఆయన ఆ మాట ఆలోచించి అనలేదు. నాతో ఇంత దూరం వచ్చినవాడు, వంతెన మొదలు కళ్ళెదురుగా కనిపిస్తుంటే, అలవాటుగా అనేశాడు. హౌస్ డ్రైవర్ పని చేసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఫోన్ మోగిన రెండు నిమిషాల్లో బండి గేటు దగ్గర ఉండాలి. అందుకని వాళ్ళు ఎక్కడికి వెళ్ళినా బండి కనపడే దూరం దాటరు. మాల్‌కు వెళ్తే పార్కింగ్, పెళ్ళికి వెళ్తే పార్కింగ్, సముద్రానికి వెళ్ళినా పార్కింగే.

యూసుఫ్ భాయ్ ఆయన భుజం మీద ఒక్కటి చరిచాడు. "ఏ, పాగల్! దేన్కి కావలి కూసున్నవ్? బండేదీ? ఇయ్యాల మేడమ్‌వి నువ్వే. లే, పో లోపటికి!"

ఓబులేసన్న చెయ్యి ప్యాంటు జేబులోకి వెళ్ళింది. తాళం కోసం తడిమింది. ఖాళీ చెయ్యి బయటికి తీసి, దాన్ని ఒకసారి చూసుకుని, పకపకా నవ్వాడు. డ్రైవర్లందరూ నవ్వారు. తర్వాత లేచి ప్యాంటు దులుపుకుని, "పాండి సారూ, డోర్ ఎవురు తీస్తారు?" అన్నాడు నాతో.

వంతెన చెక్కది. కింద మడ చెట్లు. ఆటు సమయం కావడంతో నీళ్ళు వెనక్కి పోయి బురద బయటపడింది. బురదలోంచి చెట్ల వేళ్ళు పెన్సిళ్ళలా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. పీతలు కన్నాల్లోకి దూరుతున్నాయి. దూరంగా నీళ్ళ అంచున రాజహంసలు, లేత గులాబీ రంగువి, చలికాలం గనక. ఓబులేసన్న చెక్క కంచె పట్టుకుని ప్రతి పది అడుగులకూ ఆగాడు. మొదట రెండుసార్లు వెనక్కి తిరిగి పార్కింగ్ వైపు చూశాడు. ఆ తర్వాత చూడలేదు.

దీవి పెద్దదేమీ కాదు. తక్కువ ఎత్తు రాతి దిబ్బలు, పొదలు, ఇసుక. నీడ వెతుక్కోవాలి. అసలు సంగతి ఇది: సుమారు మూడున్నర వేల ఏళ్ళ కిందట ఇక్కడ నత్తగుల్లలు పగలగొట్టి ఎరుపు కలిసిన ఊదా రంగు తీశారు. ఒక్కో నత్తలో ఉండేది చుక్కంత. ఒక గుడ్డకు రంగు పట్టాలంటే వేలకు వేల గుల్లలు పగలాలి. ఆ పగిలిన గుల్లల కుప్పలను తవ్వకాల్లో కనుగొన్నారు. కాలి కింద తెల్లటి ముక్కలు చాలా చోట్ల కనిపిస్తాయి. వాటిలో ఏవి ఆనాటివో, ఏవి నిన్న కొట్టుకొచ్చినవో నాకు తెలియదు. ఓబులేసన్న ఒకటి తీసి చూసి, "బ్యాగులో ఇంకా రెండు కేజీలు పడతాయి" అన్నాడు. పెట్టెయ్యన్నా అన్నాను, పెట్టేశాడు. మీరూ తీయకండి.

ఒక రాయి నీడలో పార్సిల్ విప్పాం. ఇక నాకు ఉపన్యాసం చెప్పేవాళ్ళు లేరు గనక నాకు వచ్చిందే ఓబులేసన్నకు చెప్పాను. ఖుబూస్ రొట్టె ఒకటి తీసి కాగితం మీద పెట్టి, కింది వైపు వేళ్ళలా చింపాను. ఇది గ్రీసు నేల. మిగిలిన ముక్కలను తుంచి పక్కన చల్లాను. ఇవి దీవులు. అన్నిటికంటే కింద ఒక పచ్చిమిరపకాయను అడ్డంగా పెట్టాను. ఇది క్రీట్. నిజంగా ఆ దీవి అలాగే ఉంటుంది, పొడుగ్గా, సన్నగా, తూర్పు పడమరలుగా పడుకుని. నేల అంతా కొండలే, మైదానాలు తక్కువ, పక్క ఊరికి పోవాలంటే కొండ ఎక్కి దిగాలి అని చెప్పాను.

"మా గువ్వలచెరువు ఘాటు మాదిరా?"

"అంతకంటె ఎక్కువనే. ఏడ చూసినా గట్లనే ఉంటదట."

ఆయన ఖుబూస్ మీదికి వంగాడు. వేలితో ఒక ముక్క నుంచి పక్క ముక్కకు, అక్కడి నుంచి ఇంకో ముక్కకు గీత గీసుకుంటూ మిరపకాయ దాకా వచ్చాడు.

"ఒక దీవి కాడ్నించి సూస్తే ఇంకోటి కనపడతాదా?"

"శాన వాటికి కనపడతదట, మబ్బు లేకుంటే."

"అట్లయితే కొండల్లో యాల తిరుగుతారబ్బీ? రోడ్డు నీళ్ళలోనే ఉండాదే. ఈడ ఆగు, నీళ్ళు పట్టుకో, ఆడ ఆగు, ఏమన్నా తిను. మన హైవేలో పెట్రోల్ బంకుల మాదిరి."

నేను ఫోన్‌లో చదివింది కూడా దాదాపు అదే. మెలోస్ అనే ఒక దీవిలో నల్లటి గాజులాంటి రాయి దొరుకుతుంది, కత్తిలా తెగుతుంది. ఆ రాయి ముక్కలు ప్రధాన భూమి మీద ఒక గుహలో దొరికాయి. అక్కడివాళ్ళకు అప్పటికింకా వ్యవసాయం రాలేదు. ఇల్లు కట్టడం, కుండ చేయడం కూడా రాని మనుషులు సముద్రం దాటి వెళ్ళి రాయి తెచ్చుకున్నారు. చాలా వేల ఏళ్ళ తర్వాత తూర్పు నుంచి గింజలు, మేకలు, గొర్రెలు వచ్చాయి. థెస్సలీ లాంటి మైదానాల్లో ఊళ్ళు లేచాయి. ఇంకా చాలా కాలానికి మిరపకాయ మీద, అంటే క్రీట్‌లో, పెద్ద పెద్ద భవనాలు వచ్చాయి. అక్కడా నత్తగుల్లల నుంచి రంగు తీశారు, వాళ్ళు వదిలిన గుల్లల కుప్పలు అక్కడా దొరికాయి.

ఓబులేసన్న తినడం ఆపాడు.

"ఇదే పనా? ఇట్లాంటి నత్తలేనా?"

"ఆ జాతియేనట. ఇంచుమించు ఆ కాలంలనే."

"అయితే వాళ్ళకు వీళ్ళు తెల్సునా? ఎవురు ఎవురికి నేర్పినారు?"

ఇదే. ఇదే నేను మీ ఉపన్యాసంలో అడగాలనుకున్న ప్రశ్న. నాకు తెలియదని చెప్పాను. ఇక్కడి రంగు ఇరాక్ వైపు రాజ్యాలకు పోయిందని చదివాను. గ్రీకు దీవుల రంగు ఆ సముద్రం చుట్టూనే తిరిగింది. మధ్యలో ఇంత ఎడారి. రెండు చోట్లా విడివిడిగా కనిపెట్టారా, లేక చేతులు మారుతూ విద్య వచ్చిందా? నేను చదివినంతలో ఎవరూ నాకర్థమయ్యేలా చెప్పలేదు.

"తెల్సినోళ్ళు ఈ పొద్దు పొద్దున ఈడికొచ్చి చెప్పి పోయినారు కదా" అన్నాడు ఓబులేసన్న. కోపంగా కాదు, మామూలుగా. "పోనీలే. రంగు తీసినోళ్ళకు మాత్రం ఇంత కంపు కొట్టి ఉంటాది. కుళ్ళిన నత్తలంటే మాటలా? మా మేడమ్ కార్లో ఒక తూరి రొయ్యల కవర్ మర్సిపోయింది, వారం దినాలు కడిగినా."

అది చెప్పి, మిరపకాయ తుంచి ఖుబూస్‌లో పెట్టుకుని క్రీట్‌ను తినేశాడు.

తర్వాత దీవి చుట్టూ నడిచాం. పోటు మొదలై, బురద మీదికి నీళ్ళు చప్పుడు లేకుండా వచ్చాయి. పెన్సిల్ వేళ్ళు ఒక్కొక్కటే మునిగాయి. ఓబులేసన్న బూట్లు విప్పి చేత్తో పట్టుకుని మోకాళ్ళ దాకా దిగాడు. ఎవరికీ ఫోన్ చేయలేదు, ఫొటో అడగలేదు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. వెనక్కి వచ్చేటప్పుడు తడి కాళ్ళతోనే వంతెన ఎక్కి, చెక్క మీద పడిన తన అడుగుల ముద్రలు చూసుకుంటూ, "పిల్లోళ్ళు నా బండిలో ఇట్లనే సీట్లు పాడుజేస్తా ఉండ్రి" అన్నాడు. పార్కింగ్‌లో యూసుఫ్ భాయ్ లేడు, ఆయన సారుకు పని పడినట్టుంది. ఆయన డబ్బా మాత్రం అక్కడే ఉంది. ఓబులేసన్న దాన్ని పక్కకు జరిపి నీడలో పెట్టాడు, వచ్చేవాళ్ళకు ఉంటుందని.

ఇది శనివారం, సైటులో భోజనాల గంటలో రాస్తున్నాను. నిన్నటి కంటే కోపం తగ్గింది, పోలేదు. చరిత్ర గురించి నాకు ఒకటి అర్థమైంది. క్రీట్‌లో గానీ ఇక్కడ గానీ రంగు వేసుకున్న రాజుల పేర్లు వెతికితే దొరకొచ్చు. గుల్లలు పగలగొట్టినవాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు. వాళ్ళు పగలగొట్టినవే కుప్పలుగా మిగిలాయి. ఆ కుప్పలు చూడ్డానికే మీరు బస్సు వేశారు. ఈనాటి కుప్పలు పోసేవాళ్ళు ఉండే చోటికి మాత్రం ఆ బస్సు రాదన్నారు. ఇందులో తేడా మీకు కనపడకపోతే నేను చెప్పి ప్రయోజనం లేదు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. పర్పుల్ ఐలాండ్ దగ్గర ఖాళీ టాక్సీలు తిరగవు. మిమ్మల్ని దించిన టాక్సీ అతని నంబర్ తీసుకుని, ఎన్ని గంటలకు రావాలో అప్పుడే మాట్లాడుకోండి. మేం అలా చేయబట్టే చీకటి పడకముందు లుసైల్ బస్సు అందుకున్నాం.

ఇక మీకు. ట్రిప్ డబ్బులు వెనక్కి ఇవ్వమని అడగను, అవి మీరే ఉంచుకోండి. నాకు కావలసినవి రెండు. మీ తర్వాతి ట్రిప్ ప్రకటనలో పికప్ చోట్ల వరుసలో, ముషైరిబ్ పక్కనే, బర్వా అల్ బరాహా పేరు అచ్చులో ఉండాలి. రెండోది, ఓబులేసన్న అడిగిన ప్రశ్నకు మీ ఉపన్యాసకుడు తన గొంతుతో జవాబు రికార్డు చేసి నాకు పంపాలి: ఆ సముద్రం వాళ్ళకు ఈ సముద్రం వాళ్ళు తెలుసా? తెలియదు అన్నదే జవాబైతే తెలియదనే చెప్పమనండి, చాలు. ఓబులేసన్న రేపు ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు నా గది నుంచి ఎయిర్‌పోర్టుకు బయల్దేరతాడు. మూడున్నరకల్లా జవాబు నా ఫోన్‌లో ఉండాలి.